గారిసన్ నుంచి బొడెట్ దాకా: వాలై చేప, సరైన జిగ్

మిన్నెసోటాలో ఏటా మే నెల మధ్యలో వచ్చే ఒక శనివారాన్ని ఓపెనర్ అంటారు. శుక్రవారం రాత్రి పన్నెండు దాటగానే వాలై చేపల వేట చట్టప్రకారం మొదలవుతుంది. వారం ముందు నుంచే ఆఫీసుల్లో, పెట్రోలు బంకుల్లో అదే మాట. వాలై 1965 నుంచి ఈ రాష్ట్రపు చేప. పెద్ద కళ్ళు, ఇత్తడి పసుపు ఒళ్ళు, తోక కింది కొసన తెల్లటి మచ్చ. ముల్లు తక్కువ, కండ తెల్లగా ఉంటుంది. ఉత్తర అమెరికాలో మంచినీటి చేపల్లో ఇంత రుచి నాకు వేరే దేంట్లోనూ తగల్లేదు.

మేపుల్ గ్రోవ్‌లో ఉండే మా బావగారికి ఈ చేప అంటే ప్రాణం. ఈసారి ఆయన ముందే ఒక మాట అనుకున్నారు. "ఒకే సరస్సు పట్టుకుని కూర్చోవద్దు. లోతులేని నీళ్ళు, లోతు నీళ్ళు, పారే నీళ్ళు మూడూ చూద్దాం. ఏ నీటికి ఏ జిగ్ కావాలో చేతికి తెలియాలి" అన్నారు. నాకూ అదే కావాలి. వచ్చి వారం కాలేదు, వాలై వీపు ముళ్ళు గుచ్చుకున్న వేళ్ళు ఇంకా సలుపుతున్నాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

జిగ్ ఎప్పుడూ చూడనివాళ్ళకి రెండు ముక్కలు. గాలం మెడ దగ్గర సీసం కరిగించి పోస్తే వచ్చేదే జిగ్. కోనసీమ కాలవల్లో మేం వాడిన గాలానికి, సీసం గుండుకి మధ్య జానెడు దారం ఉండేది, పైన బెండు తేలేది. జిగ్‌లో గుండూ గాలమూ ఒకటే, బెండు ఉండదు. చేప పట్టిన సంగతి దారం చూసి, వేలితో పట్టి తెలుసుకోవాలి. కాబట్టి ఆ చిన్న ముద్ద ఎంత బరువుండాలి అన్నదే అసలు ప్రశ్న.

గురువారం, గారిసన్

169 నంబరు రోడ్డు మీద ఉత్తరానికి పోతుంటే కుడిపక్కన మిల్ లాక్స్ సరస్సు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. 1,32,000 ఎకరాల నీళ్ళు, అవతలి ఒడ్డు కనిపించదు. ఈ సరస్సుకో చరిత్ర ఉంది. 1837 ఒప్పందంలో ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలు భూమి వదులుకున్నా వేట హక్కులు వదులుకోలేదు. ఆ హక్కులు ఇంకా చెల్లుతాయని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీని మీద ఇక్కడ ఇప్పటికీ రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఇచ్చిన మాట నూట అరవై ఏళ్ళ తర్వాతైనా నిలబడటం న్యాయమే అని నా నమ్మకం.

గారిసన్‌లో నీటి ఒడ్డున పెద్ద వాలై బొమ్మ ఉంది. అక్కడ ఆగి ఫోటో దిగని కుటుంబం లేదు. మేమూ దిగి, ఎర అమ్మే షాపులోకి వెళ్ళాం. లోపల ఒక గోడ నిండా జిగ్‌లే. ముదురు గులాబీ, నారింజ, చిలకపచ్చ, బంగారు, చీకట్లో మెరిసేవి, సగం ఒక రంగు సగం ఇంకో రంగు. బావగారు తిన్నగా రంగుల దగ్గరికి పోయారు. కౌంటర్లో ఉన్నావిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఎక్కడికెళ్తున్నారు, ఎంత లోతు, పడవకి లంగరు వేస్తారా, గాలికి వదిలేస్తారా అని ఒక్కొక్కటే అడిగింది. రంగు ఊసే లేదు.

ఆవిడ చెప్పిన లెక్క ఉత్తరాన అందరి నోటా వినిపించేదే. పది అడుగుల లోతుకి ఎయిత్ ఔన్స్, అంటే మూడున్నర గ్రాములు. ఇరవై అడుగులకి క్వార్టర్, ఏడు గ్రాములు. ముప్ఫైకి త్రీ ఎయిత్స్, పదిన్నర గ్రాములు. గాలి లేస్తే ఒక మెట్టు పైకి, గాలి పడితే ఒక మెట్టు కిందికి. "నీటి అడుగు తగిలినట్టు తెలిసే జిగ్‌లలో అన్నిటికంటే తేలికైనది కట్టండి" అంది. ప్రయాణం పొడుగునా నేను పట్టుకున్నది ఆ ఒక్క వాక్యాన్నే.

తర్వాత ఆకారాలు చూపించింది. బతికున్న చిన్న చేపని ఎరగా గుచ్చాలంటే గాలం కాడ పొట్టిగా ఉండాలి. అప్పుడు ఎర తల సీసానికి ఆనుకుని కూర్చుంటుంది, చేప నోరు తెరిస్తే గాలంతో సహా లోపలికి పోతుంది. ప్లాస్టిక్ తోక తొడగాలంటే కాడ పొడుగ్గా ఉండి, మెడ దగ్గర జారిపోకుండా చిన్న ముల్లు ఉండాలి. గుండ్రటి తల అన్నిటికీ పనికొస్తుంది. అడుగున ఆగినప్పుడు గాలం పైకి నిలబడేలా పోసిన తలలు కూడా ఉన్నాయి, నేల చదునుగా ఉన్నచోట అవి బాగుంటాయట. మే నెలలో నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి పొట్టి కాడ, చిన్న చేప ఎర చాలు, మిగతావి జూన్‌లో చూసుకోండి అంది.

సీసమా, టంగ్‌స్టనా అన్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. లూన్ ఈ రాష్ట్రపు పక్షి. తిన్నది అరగడానికి అది సరస్సు అడుగున గులకరాళ్ళు ఏరుకుని మింగుతుంది. తెగిపోయిన చిన్న జిగ్‌ని రాయి అనుకుని మింగినా, జిగ్ మింగిన చేపని తిన్నా ఆ సీసం దాన్ని చంపుతుంది. ఒక్కటి చాలు. న్యూహాంప్‌షైర్ లాంటి రాష్ట్రాలు చిన్న సీసపు జిగ్‌లని నిషేధించాయి. మిన్నెసోటాలో మానమని చెబుతారు గానీ నిషేధం లేదు. టంగ్‌స్టన్ సీసం కంటే సాంద్రమైంది, అదే బరువుకి తల చిన్నగా ఉంటుంది, అడుగు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇబ్బంది ధర దగ్గరే. సీసపువి నాలుగు కలిపి ఐదు డాలర్లకి వస్తే, టంగ్‌స్టన్‌వి రెండే ఏడు డాలర్లు. పక్షి మింగగలిగినవి చిన్నవే కాబట్టి ఎయిత్, క్వార్టర్ రెండూ టంగ్‌స్టన్‌లో తీసుకున్నాను. బావగారు మొదట ధర చూసి తల ఊపినా, చివరికి ఆయనా ఒక ప్యాకెట్ వేయించుకున్నారు.

పక్కనే ఉన్న కేఫ్‌లో వాలై శాండ్‌విచ్ పదహారు డాలర్లు. పైన కరకరలాడే పూత, లోపల పొరలు పొరలుగా విడిపోయే తెల్లటి కండ. ఈ సరస్సుదేనా అని అడిగితే వడ్డించే అమ్మాయి నిజం చెప్పింది. గాలానికి పట్టినది ఇక్కడ అమ్మకూడదు, మాకు కెనడా నుంచి వస్తుంది అంది.

శుక్రవారం, వాకర్ మీదుగా వాస్కిష్

బ్రెయినర్డ్ దాటాక రోడ్డు మీద మూడు బళ్ళకి ఒకదాని వెనక పడవ ఉంది. వాకర్ దగ్గర లీచ్ లేక్ ఒడ్డున ఫ్లాస్కులో కాఫీ తాగాం, అక్క కట్టిచ్చిన పులిహోర తిన్నాం. బెమిజీలో 1937 నాటి పాల్ బన్యన్ బొమ్మ, పక్కన నీలం ఎద్దు. మిసిసిపీ నది ఈ ఊరి దగ్గర మన పంట కాలవంత కూడా ఉండదు. నేను ఆగి చూడాలనుకున్నది దాన్నే, చూశాను.

బ్లాక్‌డక్ నుంచి 72 నంబరు రోడ్డెక్కాలి. ఫోన్‌లో మ్యాపు దగ్గరి దారంటూ మమ్మల్ని కంకర రోడ్డులోకి తిప్పింది. కొంతదూరం పోయాక రెండు పక్కలా బురదనేల, ముందు నీళ్ళు నిలిచిన గుంత. వెనక పడవ ఉంది, బండి తిప్పే చోటు లేదు. ఎదురుగా పికప్‌లో వచ్చిన పెద్దాయన ఏమీ అడక్కుండానే దిగి, ట్రెయిలర్ కొక్కెం ఊడదీసి, మాతోపాటు పడవని చేత్తో తోసి తిప్పించాడు. చేతులు దులుపుకున్నాక అప్పుడు మాట్లాడాడు. రేపు పొద్దున ఎయిత్ ఔన్స్ చాలు, నారింజ రంగు వేయండి అన్నాడు. ఎక్కడ వేయాలని బావగారు అడిగితే నవ్వి, "సరస్సులో" అని బండెక్కాడు. ఇక్కడి మర్యాద అంతే. జిగ్ బరువు చెబుతారు, రంగు చెబుతారు, ఎర చూపిస్తారు. చోటు మాత్రం చెప్పరు, అడగడం కూడా బాగుండదు. రోడ్డు మీద ఎదురయ్యే ప్రతి బండిలోనూ స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి పలకరిస్తారు. కెలిహర్ దాటేసరికి మేమూ వేలు లేపుతున్నాం.

వాస్కిష్ అప్పర్ రెడ్ లేక్ తూర్పు ఒడ్డున చిన్న ఊరు. రిసార్ట్ యజమానురాలు రాత్రి వైల్డ్ రైస్ సూప్ పెట్టి సరస్సు కథ చెప్పింది. 1990లలో ఇక్కడ వాలై దాదాపు ఖాళీ అయిపోయింది. పట్టుకున్నదే పట్టుకుంటూ పోతే గుడ్లు పెట్టే తల్లి చేపలే మిగల్లేదు. సరస్సులో ఎక్కువ భాగం రెడ్ లేక్ ఓజిబ్వే వాళ్ళది, తూర్పున కొంత రాష్ట్రానిది. 1999లో ఇద్దరూ కలిసి వేట ఆపేశారు, చేపపిల్లల్ని వదిలారు, కాపలా పెట్టారు. 2006లో మళ్ళీ తెరిచారు. ఆ మధ్య ఏళ్ళలో ఊళ్ళో వ్యాపారం ఎలా నడిచిందని అడిగాను. నడవలేదు, ఓర్చుకున్నాం అంది.

శనివారం, అప్పర్ రెడ్ లేక్

అర్ధరాత్రికి సరస్సు మీద దీపాలు కనిపించాయి. మేం తెల్లారగట్ల దిగాం. గాలి అసలు లేదు, చలి మూడు నాలుగు డిగ్రీలుంటుంది. నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఈ సరస్సు చాలా వెడల్పు, లోతు మాత్రం పదిహేను పదహారు అడుగులకి మించదు. మేం వేసినచోట ఏడు అడుగులు.

ముందు ఎర గుచ్చడం సరిగా రావాలి. వేలంత షైనర్ చేపని ఎడమచేతి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టుకోవాలి. గాలం కొసని నోట్లోంచి పోనిచ్చి మొప్ప పక్కగా బయటికి తీయాలి. అప్పుడు గాలాన్ని తిప్పి వీపు రెక్క దగ్గర పైకి గుచ్చాలి. లాగి సర్దితే ఎర తల సీసానికి అంటుకుని, ఒళ్ళు తిన్నగా నిలుస్తుంది. వంకరగా ఉంటే నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది, వాలై దాని జోలికి రాదు, దారం మెలిపడుతుంది. పెదవులకి మాత్రమే గుచ్చితే ఎర ఎక్కువసేపు బతుకుతుంది గానీ తోక కొరికి పోయే చేపలే ఎక్కువ. చల్లబడిన వేళ్ళతో ఈ పని కష్టం. పొద్దున్నంతా నేను చేతులు జేబులో పెట్టి తీసి, పెట్టి తీసి చేశాను.

ఎయిత్ ఔన్స్ కట్టి వదిలితే జిగ్ మెల్లగా దిగి అడుగు తాకింది. దారం కాస్త వదులైంది, అదే గుర్తు. రాడ్ కొసని జానెడు ఎత్తి, మళ్ళీ దించాలి. దించేటప్పుడు దారాన్ని పూర్తిగా వదిలేయకూడదు, జిగ్‌తో పాటు చేతిని దించాలి. వాలై ఎక్కువసార్లు పట్టేది జిగ్ పడేటప్పుడే. బరువు ఎక్కువైతే అది రాయిలా పడిపోతుంది, చేపకి ఆలోచించే వ్యవధి ఉండదు. తక్కువైతే దారం నీళ్ళలో వంపు తిరిగి, అడుగు తగిలిందో లేదో, చేప నోట పట్టిందో లేదో తెలియదు. సరైన బరువుంటే వాలై పట్టినప్పుడు టిక్ అని ఒక చిన్న దెబ్బ రాడ్ పిడి దాకా వస్తుంది. ఒక్కోసారి ఆ దెబ్బ కూడా ఉండదు, ఎత్తబోతే తడిబట్ట తగిలిన బరువు తెలుస్తుంది. అప్పుడు లాగాలి.

నీళ్ళు అద్దంలా ఉన్నంతసేపూ పెద్దగా పడలేదు. వాలై కంటి వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది. మసకలో, బురదనీటిలో అది బాగా చూడగలదు, ఎండ మాత్రం దానికి నచ్చదు. ఎనిమిదింటికి పడమర గాలి లేచింది. తూర్పు ఒడ్డు మీదికి అలలు వరసకట్టాయి. వాలై చాప్ అని ఇక్కడ పేరున్న అల ఇదే. వెలుగు లోపలికి దిగకుండా విరిగిపోతుంది, అడుగు కదిలి చిన్న చేపలు ఒడ్డువైపు వస్తాయి, వాటి వెనక వాలై వస్తుంది. అరగంట తిరక్కుండా బావగారి రాడ్ వంగింది.

తర్వాత చాలాసేపు రంగుల మీద మాటలు నడిచాయి. బావగారు చిలకపచ్చ అంటారు, నేను నారింజ వేశాను. ఇద్దరివీ ఎయిత్ ఔన్సులే, ఇద్దరికీ పడుతున్నాయి. గాలి పెరిగి పడవ వేగంగా కొట్టుకుపోవడం మొదలయ్యాక ఇద్దరికీ ఆగిపోయాయి. బావగారు పెట్టె తెరిచి గులాబీ వెతుకుతున్నారు. "బావగారూ, రంగు మార్చకండి, బరువు మార్చి చూడండి" అన్నాను. అదే చిలకపచ్చలో క్వార్టర్ కట్టారు. రెండోసారి దించగానే పడింది. నేను పంతానికి ఎయిత్ మీదే ఉండి చూశాను. దారం పడవ వెనక ఏటవాలుగా సాగిపోతోంది, అడుగు తగలడం లేదు. నేనూ క్వార్టర్ కట్టాక మళ్ళీ పడ్డాయి. రంగు పనికిరాదని నేననను. ఇలాంటి ఎర్రనీటిలో నారింజ, బంగారు, చిలకపచ్చ కనిపించినట్టు నీలం కనిపించదు. కానీ చేప ఉన్న లోతుకి జిగ్ చేరనప్పుడు ఏ రంగైనా ఒకటే.

పదకొండు ప్రాంతంలో వన్యప్రాణి అధికారి పడవ దగ్గరికొచ్చింది. లైసెన్సులు చూశాడు. మనిషికి పాతిక డాలర్లు పెట్టి కొన్నవి. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టాడు, చేపలు కొలిచాడు. అంతా అయ్యాక, దేనికి పడుతున్నాయని మామూలు జనం అడిగినట్టే అడిగాడు. క్వార్టర్ అని చెప్పాం. పొద్దుటి నుంచి అందరూ అదే చెబుతున్నారన్నాడు.

ఆదివారం, 72 నంబరు రోడ్డు

మదర్స్ డే. పొద్దున కేఫ్‌లో పేన్‌కేకులు పన్నెండు డాలర్లు, అమ్మలందరికీ తలా ఒక పువ్వు ఇచ్చారు. తినగానే ఇద్దరం బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాం. చేప పులుసు పెట్టారా అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న.

ఊరి నుంచి ఉత్తరానికి పోతే బిగ్ బాగ్ పార్కు. మైలు పొడవున బురదనేల మీద చెక్క వంతెన వేశారు. కాళ్ళ కింద వేల ఏళ్ళుగా కుళ్ళకుండా పేరుకున్న నాచు, కూజా ఆకారంలో ఆకులుండి పురుగుల్ని తినే మొక్కలు. సరస్సు నీళ్ళకి ఆ రంగు ఈ నేల నుంచే దిగుతుంది. ముందురోజు నారింజ జిగ్ ఎందుకు కట్టామో ఇక్కడ నిలబడితే కంటికి కనిపిస్తుంది.

సరస్సు వదిలేటప్పుడు పడవ అడుగు బిరడా తీసి నీళ్ళన్నీ వదిలేయాలి, ఎర బకెట్లో సరస్సు నీళ్ళు పారబోసి కుళాయి నీళ్ళు పోసుకోవాలి. జీబ్రా మసెల్ లాంటి పరాయి జీవులు ఒక నీటి నుంచి ఇంకో నీటికి పాకకుండా ఈ చట్టం పెట్టారు. బావగారు బకెట్ మార్చి, పడవ అడుగంతా గుడ్డతో తుడిచేదాకా బండి కదలనివ్వలేదు.

బొడెట్‌లో విల్లీ వాలై అనే నలభై అడుగుల బొమ్మ ఉంది, 1959లో పెట్టింది. సాయంత్రం క్యాబిన్‌లో వేపుడు. అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, కాస్త బియ్యప్పిండి. పక్క క్యాబిన్ ఆయన వాసనకి తలుపు దాకా వచ్చాడు. లోపలికి రమ్మంటే ముందు వద్దన్నాడు, రెండోసారీ వద్దన్నాడు, మూడోసారి అడిగితే కూర్చున్నాడు. ఈ మొహమాటం మన గోదావరి జిల్లాల్లో ఉన్నదే. దవడ ముక్కలు వేరుగా వేయించమని ఆయనే చెప్పాడు. వాలై బుగ్గలో రూపాయి బిళ్ళంత కండ ఉంటుంది. చాలామంది పారేస్తారు, మొత్తం చేపలో అదే మెత్తన.

సోమవారం, లేక్ ఆఫ్ ద వుడ్స్

అమెరికాలో మిన్నెసోటా, కెనడాలో ఒంటారియో, మానిటోబా పంచుకునే సరస్సు ఇది. పద్నాలుగు వేలకి పైగా దీవులు. గాలొస్తే చిన్న పడవకి ప్రమాదం, అందుకే ఆరుగురు ఎక్కే లాంచిలో చోటు తీసుకున్నాం. మనిషికి నూట అరవై డాలర్లు, కెప్టెన్‌కి ఇచ్చే టిప్పు వేరే. ఖరీదే. కానీ ఈ ప్రయాణంలో ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే.

రెయినీ నది సరస్సులో కలిసే లైట్‌హౌస్ గ్యాప్ దాటి, ఇరవై నాలుగు అడుగుల లోతులో కెప్టెన్ లంగరు వేశాడు. చేతికి ఇచ్చింది బంగారు రంగు త్రీ ఎయిత్స్. లెక్క ప్రకారం క్వార్టర్‌కి కాస్త పైన ఉంటే చాలు కదా అని అడిగాను. "లంగరు పడవ కదా, అలకి ముక్కు లేచి పడుతుంటుంది. పడవతో పాటు జిగ్ ఎగరకూడదు" అన్నాడు. తర్వాత నా రాడ్ కొస నుంచి నీళ్ళలోకి దిగుతున్న దారాన్ని వేలితో చూపించాడు. తిన్నగా కిందికి దిగితే బరువు సరిపోయింది. వాలితే సరిపోలేదు. అంతకంటే గుర్తుపెట్టుకోవాల్సింది లేదన్నాడు. రోజంతా మా అందరి దారాలూ అలాగే చూస్తూ తిరిగాడు. తన కూతురితో వచ్చిన ఒకాయన దారం వాలగానే చెప్పకుండానే హాఫ్ ఔన్స్ తెచ్చి కట్టిపెట్టాడు.

ఇక్కడ ఎర బతికున్నది కాదు, గడ్డకట్టించిన ఎమరాల్డ్ షైనర్లు. శరదృతువులో నదిలోకి గుంపులుగా వచ్చినప్పుడు పట్టి దాస్తారు. ఒళ్ళు పచ్చగా, వెండిగా మెరుస్తుంది. కరిగాక మెత్తబడుతుంది కాబట్టి మొప్పలోంచి తీసిన గాలాన్ని వీపులో లోతుగా గుచ్చాలి. చచ్చిన ఎరకి కదలిక మన చేతి నుంచే రావాలి. అడుగు తాకించి, అరడుగు ఎత్తి, కదలకుండా పట్టుకోవాలి. కెప్టెన్ ఆ పట్టుకోవడం మీదే నొక్కి చెప్పాడు. నేను చెయ్యి ఊపుతుంటే నా మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి ఆపాడు. లోపల ఇరవై లెక్కపెట్టేలోపు టిక్ అంది.

పైకొచ్చింది వాలై కాదు, సాగర్. దాని తమ్ముడి వరస. వీపు రెక్క మీద చుక్కలుంటాయి, తోకన తెల్లమచ్చ ఉండదు. తినడానికి అదీ బాగుంటుంది. తర్వాతిది వాలై, ఇరవై నాలుగు అంగుళాలు. చేతిలో పట్టుకున్నప్పుడు కన్ను చూశాను. గాజుగోళీ మీద పాలపొర కప్పినట్టుంది, తల తిప్పితే లోపలి నుంచి వెండి వెలుగు తిరుగుతోంది. పందొమ్మిదిన్నర నుంచి ఇరవై ఎనిమిది అంగుళాల మధ్యవి ఇక్కడ వదిలేయాలి. గుడ్లు పెట్టే తల్లులు అవే. నీళ్ళలో తోక పట్టుకుని నిలబెడితే రెండుసార్లు మొప్పలు ఆడించి దిగిపోయింది. రెడ్ లేక్ కథ విన్న తర్వాత ఆ వదలడంలో నాకు ఏ బాధా లేదు.

మధ్యాహ్నం మా పులిహోర డబ్బా పడవంతా తిరిగింది. ఆ అమ్మాయి పల్లీలు ఏరుకుని తిని, ఇంకా ఉందా అని అడిగింది. కెప్టెన్ ఎండుమిర్చి మొత్తం నమిలేసి నీళ్ళు తాగకుండా కూర్చున్నాడు.

మంగళవారం, రెయినీ నది

చివరి పూట మా పడవలోనే నదిలోకి దిగాం. అవతలి గట్టు కెనడా, ఒంటారియో లైసెన్సు లేదు కాబట్టి ఇవతలి సగంలోనే ఉన్నాం. పది పన్నెండు అడుగుల లోతు, లెక్క ప్రకారం ఎయిత్ చాలు. ప్రవాహం మాత్రం లెక్క వినదు. లంగరు వేసి త్రీ ఎయిత్స్ దింపితే అది అడుగున నిలవకుండా దొర్లుకుంటూ పోయింది. హాఫ్ ఔన్స్ నిలిచింది గానీ రాళ్ళ మధ్య ఇరుక్కుని తెగింది. అలా తెగిన ప్రతిదీ నది అడుగున సీసమే.

అప్పుడు బావగారు లంగరు తీసేశారు. చిన్న కరెంటు మోటారుతో పడవని నీటి వేగంతోనే జారనిచ్చారు. పడవా, దారమూ, జిగ్గూ మూడూ ఒకే వేగంతో పోతుంటే దారం తిన్నగా నిలబడింది. కెప్టెన్ చూపించిన గుర్తే. అప్పుడు క్వార్టర్ టంగ్‌స్టన్ హాయిగా అడుగు తాకింది, ఇరుక్కోవడం కూడా తగ్గింది. బరువు పెంచడం ఒక దారి, పడవ నడిపే తీరు మార్చి బరువు తగ్గించుకోవడం ఇంకో దారి. ఈ రెండోది నాకు కొత్త. ఎక్కువ నచ్చింది కూడా ఇదే. రెండు గంటల్లో ఇంటికి చాలినన్ని పడ్డాయి.

ఒడ్డున చేపలు కోసే గదిలో నలుగురం పక్కపక్కన నిలబడ్డాం. ఇంటికి తీసుకెళ్ళే ప్రతి ముక్క మీదా అంగుళం చదరపు చర్మం పొలుసులతో సహా ఉంచాలి, ఏ చేపో అధికారికి తెలియాలిగా. పక్కనున్న కుర్రాడు నడుము ముల్లుల వరసని ఒక్క లాగుతో తీయడం నేర్పించాడు. ఈ రోజు ఎంత బరువు వేశారని అడిగాడు, చెప్పాం. ఏ వంపు దగ్గర అని అడగలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క చింతపండు నానబెట్టి ఉంది. వాలై కండ మెత్తన, మన కొరమీనులా పులుసులో ఎక్కువసేపు ఆగదు. పులుసు చిక్కబడి నూనె తేలాక చివరి అయిదు నిమిషాల్లో ముక్కలు వేసి, గరిట పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి. అక్క అలాగే చేసింది, ఒక్క ముక్కా విరగలేదు. తిన్నాక బావగారు తన జిగ్‌ల పెట్టె బల్ల మీద బోర్లించారు. ఇన్నాళ్ళూ రంగుల వరసన సర్దుకున్నారు. ఇప్పుడు బరువుల వరసన పెడుతున్నారు, ఎడమ నుంచి ఎయిత్, క్వార్టర్, త్రీ ఎయిత్స్, హాఫ్. క్వార్టర్ గడిలో నాలుగే మిగిలాయి. అవి టంగ్‌స్టన్‌లోనే తెప్పిద్దామని ఇద్దరం అనుకున్నాం, బంగారు రంగువి సగం, నారింజవి సగం.